ఒక్క వరుస

కుట్ల టీచరమ్మ పోయిందని మా చిన్నమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ‘అయ్యో’ కాదు. “మరి నా గుడ్డ?” అన్నాను.

చిన్నమ్మ వెంటనే అందుకుంది. “సిగ్గున్నదానే నీకు? మనిషింక పాడె ఎక్కనేలేదు, అప్పుడే గుడ్డ ముచ్చటనా?” అని దులిపేసింది. సిగ్గుపడాల్సిన మాటే. పడ్డాను కూడా. కాని ఎంతసేపని పడతాను? ఫోన్ పెట్టేసి, మిషన్ మీద సగంలో ఆగిన జాకెట్టు చెయ్యి పూర్తిచేసే లోపే మళ్లీ కడుపు మండటం మొదలైంది. ఇరవై ఏడేళ్లుగా నా గుడ్డ ఆమె రేకు పెట్టెలో ఉంది. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. ఇవ్వలేదు. ఇప్పుడు ఎవరినడగాలి?

అదేం పట్టుగుడ్డ కాదు. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు ఒక్కో కుట్టూ ఒక్కో వరుసలో కుట్టి చూపించే నమూనా గుడ్డ. మేం వరుసల గుడ్డ అనేవాళ్లం. మూరెడు వెడల్పు, మూరన్నర పొడుగు. పైన సాదా కుట్టుతో మొదలుపెట్టి కాడకుట్టు, గొలుసుకుట్టు, చేపముల్లు, కాజా, అద్దాలు, ఇలా తొమ్మిది వరుసలు. పదో వరుసలో, అన్నిటికన్నా కింద, నల్ల పోగుతో కుట్టిన పిల్ల పేరు. పేరు కూడా అయితేనే గుడ్డ ఇంటికి వెళ్తుంది. కాకపోతే పెట్టెలోకి వెళ్తుంది. ఇది ఆమె చట్టం. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం వచ్చింది, జిల్లాలు ముక్కలయ్యాయి, ఆ చట్టం మాత్రం మారలేదు.

ఆమె బడి టీచరేమీ కాదు. కరీంనగర్‌లో హుస్నాబాద్ బస్సెక్కితే మధ్యలో దిగే ఊరు మాది. అక్కడ తన అన్న ఇంటి వసారాలో సాప వేసుకుని కూర్చునేది. నాలుగింటికి బడి విడవగానే ఎనిమిది తొమ్మిది మందిమి పుస్తకాల సంచులతోనే వెళ్లి ఆ సాప మీద పడేవాళ్లం. ఊళ్లో సగం ఇళ్లు నేతపనివాళ్లవే. ఆడపిల్లకు సూది పట్టడం వస్తే ఎక్కడున్నా నాలుగు మెతుకులకు లోటుండదని మా అవ్వల, అంటే అమ్మల, నమ్మకం. మాకేమో అంతసేపు ఇంట్లో కండెలు చుట్టే పని తప్పుతుందని సంబరం. ఆ సంబరం మొదటి వారంలోనే తీరిపోయేది.

గుడ్డ చూపిస్తే ఆమె చూసేది కాదు. అదే ఆమెలో వింత. చేతిలోకి తీసుకుని, తిరగేసి, కుట్టు వెనకవైపు బొటనవేలితో తడుముతూ వీధిలోకి చూసేది. వచ్చేపోయే వాళ్లను పలకరించేది. “ఏం వదినా, కంట్రోలు బియ్యం అచ్చినయా?” అని అటు ముచ్చట, ఇటు ఆ బొటనవేలు మన ప్రాణం తోడేస్తూ ముందుకు పాకుతుండేది. ఎక్కడో ఒకచోట ఆగేది. ఆగిందంటే అయిపోయామన్నమాటే. మొహం ఇటు తిప్పకుండానే అనేది.

“ఇప్పు.”

అంతే. ఎందుకు విప్పాలో చెప్పదు, ఎక్కడో చెప్పదు. వీధిలోని వదినతో బియ్యం ముచ్చట తెగకుండానే మన వారం రోజుల పని గంగలో కలిసేది. మేం ఆమెకు చాటుగా పెట్టుకున్న పేరు కూడా ‘ఇప్పు టీచరమ్మ’. ఆమెకు తెలుసనే అనుకుంటాను.

రైక ఎడమ భుజం మీద ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి. ఒకదాంట్లో ఎర్ర పోగు, ఇంకోదాంట్లో నీలం పోగు. తప్పున్న వరుస పక్కన ఎర్ర పోగుతో గుర్తుగా చిన్న టాకా వేసేది. విప్పి, మళ్లీ కుట్టి తెస్తే మళ్లీ బొటనవేలు. ఈసారి వేలు ఆగకుండా కొసదాకా పోతే ఎర్ర టాకా పీకేసి, సరిగ్గా ఆ చోటే నీలం టాకా వేసేది. వేస్తూ, “ఉండనీ” అనేది. మెచ్చుకోలంటే అదే. శభాష్ లేదు, మంచిగ కుట్టినవ్ బిడ్డా అని లేదు. విప్పనక్కర్లేదు, ఉండనీ. ఆ ఒక్క ముక్క కోసం మేం వేళ్లు పొడుచుకుని చచ్చేవాళ్లం. నీలం లచ్చి ఒకటి కొంటే ఆమెకు రెండేళ్లు వచ్చేది. ఎర్ర లచ్చి నెల తిరక్కుండా అయిపోయేది. దుకాణానికి వెళ్లి ఎర్ర దారం అడిగితే దుకాణపాయన ఇంకేం అడక్కుండా, “ఎవల కొంప కూల్చింది ఇయ్యాల?” అనేవాడు.

పోగు మోచేతి పొడుగు దాటకూడదు. దాటితే, “బద్దకమున్నోళ్లే బారెడు పోగు పెట్టుకుంటరు” అని మన ముందే కత్తిరించేది. పోగును పళ్లతో కొరికితే, “నువ్వేమన్న ఎలుకవానే?” అనేది. సూది మొరాయిస్తే తన పాపట్లో రెండుసార్లు గీసుకునేది. తలనూనె తగిలి సూది జర్రున దిగేది. ఒకసారి ఆరో వరుస ఐదోసారి విప్పమంటే ఒక పిల్ల బోరుమంది. టీచరమ్మ ఓదార్చలేదు. “ఏడిస్తే పక్కకు తిరిగి ఏడువు. గుడ్డ మీద పడితే రంగు దిగుతది,” అంది. మేం నవ్వలేక, నవ్వకుండా ఉండలేక చచ్చాం. ఆ పిల్ల మాత్రం నిజంగానే పక్కకు తిరిగి ఏడ్చింది.

మమ్మల్నే ఇలా రాచిరంపాన పెట్టిందా అంటే, కాదు. తనను తాను కూడా అంతే. దిండు గలీబు మీద ఒక నెమలి కుట్టుకునేది. ఏడాదంతా కుట్టి మెడదాకా తెచ్చేది, మెడ వంపు నచ్చక కాళ్లదాకా విప్పేది. నేను చూసిన అన్నేళ్లలో ఆ నెమలికి తల రాలేదు. “తలెప్పుడు పెడతవ్ టీచరమ్మా?” అని అడిగితే, “మెడ కుదిరినంక” అనేది. ఆ గలీబు మీదే పడుకునేది.

ఇక నా సంగతి. నేను టెన్త్ రాసిన ఏడు కరీంనగర్‌లో కుట్లు అల్లికల లోయర్ పరీక్ష పడింది. అది పాసైతే ముందుముందు కుట్టు టీచరు కొలువుకు దారి. పరీక్షకు పోయేవాళ్లు వరుసల గుడ్డ వెంట తీసుకుపోవాలి. నేర్పినవాళ్లు కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. కొలువంటే మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఎరగరు. బాపు వాడకట్టంతా చెప్పుకున్నాడు, మా బిడ్డ టీచరైతదని.

మా బాపు చేమగ్గం నేసేవాడు. ఆ ఏడే మగ్గం గుంట పూడ్చేసి సాంచెలకు పోయాడు. పవర్‌లూములను మా దిక్కు అలాగే అంటారు. తన మగ్గం మీద నేసిన ఆఖరి గుడ్డలోంచి నాకు వరుసల గుడ్డకు ముక్క కోసిచ్చాడు. “బజారు గుడ్డ ఎందుకు బిడ్డా, గిది తీస్కో. పోగు పోగు లెక్కపెట్టుకోవచ్చు,” అన్నాడు. నిజంగానే అందులో ప్రతి పోగూ కంటికి ఆనేది.

తొమ్మిదో వరుస జాలీ. గుడ్డలోంచి ఆరు పేక పోగులు, అంటే అడ్డం పోగులు, సూదితో లేపి లాగేయాలి. మిగిలిన నిలువు పోగుల్ని కొన్నికొన్నిగా కలిపి తెల్ల పోగుతో బిగిస్తే కిటికీ చువ్వల్లా నిలబడతాయి. ఆరు లాగమంటే నేను పదకొండు లాగాను. పక్కపిల్లతో సినిమా ముచ్చట చెబుతూ లాగుతూనే పోయాను. చూసుకునేసరికి జాలీ కింద, పేరు కోసం ఉంచిన చోటు సగం ఖాళీ అయిపోయింది. మర్నాడు గుడ్డ చూపించాలి. ఆ పైరోజు పరీక్షకు పోవాలి. ఏడుస్తూ ఇంటికి వెళ్లాను.

బాపు గుడ్డ చేతిలోకి తీసుకుని నవ్వాడు. “గింత దానికేనా ఏడ్సుడు? నేసినోనికి పోగు పెట్టరాదా?”

మగ్గం తీసేసినప్పుడు మిగిలిన నూలు కొంచెం అటక మీద దాచుకున్నాడు. అందులోంచి నాలుగైదు పోగులు తీశాడు. వాకిట్లో ఎండకు కూర్చుని, పొడుగు సూదితో, ఒక నిలువు పోగు మీదుగా, ఒక నిలువు పోగు కిందుగా నేస్తూ ఐదు పోగులు తిరిగి పెట్టాడు. గోటితో దువ్వాడు. ఎండకు పట్టి చూస్తే, నేను లాగిన చోటు ఎక్కడో నాకే దొరకలేదు. “ఎట్లున్నది?” అని అడిగాడు. అప్పటి ఆయన మొహం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. మగ్గం పోయాక ఆయన అంత తృప్తిగా కనపడింది ఆ ఒక్కరోజే.

నేను మిగతా జాలీ బిగించి మర్నాడు గుడ్డ తీసుకుపోయాను. టీచరమ్మ ఎప్పటిలాగే వీధిలోకి చూస్తూ బొటనవేలు పెట్టింది. ఎనిమిది వరుసలు ఆగకుండా పోయింది. తొమ్మిదో వరుస కింద ఆగింది. మళ్లీ వెనక్కొచ్చింది. మళ్లీ ఆగింది. అప్పుడు, నేను చూడగా మొదటిసారి, ఆమె వీధి వదిలేసి గుడ్డ వైపు చూసింది. వేలు నాలుకకు తడిచేసుకుని ఆ పోగుల మీద రుద్దింది. వేలు పైకెత్తి, బొటనవేలితో నొక్కి జిగురు చూసుకుంది.

“గిదేంది పిల్లా? పేకకు గంజెక్కడిది?”

నాకేం అర్థం కాలేదు. తర్వాత బాపు చెబితే తెలిసింది. మగ్గం మీద నిలువు పోగు తెగకుండా దానికి గంజి పెడతారు. అడ్డం పోగుకు పెట్టరు. బాపు అటక మీద దాచుకున్నది పడుగు నూలు, గంజి తాగిన నిలువు పోగు. అది ఆయనకు తెలియక కాదు, ఇంట్లో మిగిలింది అదొక్కటే. నేతపని ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు. కరీంనగర్ నుంచి కాదు, ఢిల్లీ నుంచి పరీక్షాధికారి దిగొచ్చినా పట్టుకోలేని తప్పు. పట్టింది ఎవరు? ఈ మహాతల్లి!

“ఎవలు పెట్టిండ్రు గీ ఐదు పోగులు?”

“నేనే టీచరమ్మా.”

“మల్ల చెప్పు.”

“మా బాపు.”

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. భుజం మీది ఎర్ర సూది తీసి, ఆ ఐదు పోగుల పక్కన టాకా వేసింది. “ఇప్పు. మీ బాపు పోగులు తియ్యి. చెడగొట్టింది నువ్వు, బాగుచేసుడు గూడ నువ్వే చెయ్యాలె. వంకరపోతే పోనీ, నీ చెయ్యి కనవడాలె.”

“రేపే పరీక్ష టీచరమ్మా!”

“పరీక్ష మల్లచ్చే ఏడు గూడ ఉంటది.”

నేను ఇంటికి పరుగెత్తి బాపును తీసుకొచ్చాను. సాంచెల కాడి నుంచి నూనె చేతులతోనే వచ్చాడు. వసారా ఎక్కకుండా కిందే నిలబడ్డాడు. “అక్కా, తప్పు నాది. పిల్ల ఏడాది ఆగమైతది. జర సంతకం పెట్టరాదు?” అని బతిమాలాడు. మిగతా పిల్లలంతా సూదులు ఆపి చూస్తున్నారు.

“తప్పని నేను అన్ననా తమ్మీ? పని మంచిగున్నది. గని నీ బిడ్డది కాదు,” అంది ఆమె.

బాపు తలొంచుకుని వెళ్లిపోయాడు. సంతకం లేదు, పరీక్ష లేదు. పరీక్ష పోయినందుకు నేను ఆమెను ఏనాడో క్షమించేసి ఉండేదాన్ని. కాని నూనె చేతులు పంచెకు తుడుచుకుంటూ మా బాపు ఆ వసారా ముందు నుంచి వెళ్లిన తీరు ఉంది చూశారూ, అది నేను మరవలేకపోయాను. ఆయన పెట్టిన పోగులు నేను పీకేది లేదు, ఆ సాప ఎక్కేది లేదు అని ఒట్టు పెట్టుకున్నాను. పదహారేళ్ల పిల్ల ఒట్టు. గుడ్డ పెట్టెలోకి పోయింది. నేను కుట్టు టీచరును కాలేదు. ఇంటర్ సగంలో ఆపి, పెళ్లయి కరీంనగర్ వచ్చి, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను.

పెళ్లికి ముందు ఒకసారి గుడ్డ అడిగి తెమ్మని మా అవ్వను పంపాను. “పిల్లను రమ్మను” అని ఖాళీ చేతులతో పంపింది. మొదటిసారి అలా అయింది.

రెండోసారి నేనే వెళ్లాను, బాపు పోయిన నెలలోపు. ఆయన జీవితమంతా నేశాడు. ఆ చీరలూ పంచెలూ ఏ ఊళ్లో ఎవరు కట్టి చింపేశారో దేవుడికెరుక. మా ఇంట్లో ఆయన చేతి గుడ్డ బెత్తెడు లేదు. ఉన్నదల్లా ఆ రేకు పెట్టెలోని ముక్క ఒక్కటే, ఆయన నన్ను గట్టెక్కించడానికి పెట్టిన ఆ ఐదు పోగులే. ఒట్టు గిట్టు పక్కనపెట్టి వెళ్లాను. సాప మీద అప్పటికి ముగ్గురే పిల్లలు.

“టీచరమ్మా, బాపు పోయిండు. ఆయన చేతిది ఇంట్ల గింత గుడ్డ లేదు. నా గుడ్డ నాకియ్యి,” అన్నాను.

ఆమె కాసేపు నా మొహం చూసింది. లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వచ్చేటప్పుడు ఒక చేతిలో మడతపెట్టిన నా గుడ్డ, ఇంకో చేతిలో నల్ల పోగు ఎక్కించిన సూది. నా ముందు సాప దులిపింది.

“కూసో. పూర్తి చేసుకొని తీస్కపో.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రి చితి ఆరని పిల్లను పట్టుకుని ఆయన పెట్టిన పోగులు పీకమంటుందా? ఇది మనిషేనా? “నేను ఇప్ప! సచ్చినా ఇప్ప! ఉంచుకో, నువ్వే కప్పుకొని పండు!” అని అరిచేశాను. ముగ్గురు పిల్లలూ గోడకు కరుచుకుపోయారు.

“అరె, జర గుడ్డ సూడవే పిల్లా...”

నేను చూడలేదు. చెప్పులేసుకుంటున్నాను. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనకనుంచి ఆమె గొంతు వినబడింది. “కుట్టుండ్రి, కుట్టుండ్రి. తమాషా ఏమున్నది ఈడ?”

మూడోసారి, మూడేళ్ల కిందట, కరీంనగర్‌లోనే. ఒక కంటి ఆసుపత్రి ముందు ఆటో కోసం నిలబడ్డాను. మెట్ల మీద ఒంటికన్ను మీద తెల్లపట్టీతో కూర్చుని ఉంది. అన్న కొడుకు మందుల కోసం వెళ్లాడట. నేను ఆటో ఆయనతో మాట్లాడుతుంటే గొంతు గుర్తుపట్టి పిలిచింది. దగ్గరికి వెళ్లాను, ఎంతైనా నేర్పిన మనిషి. బాగున్నావా అనడానికి బదులు నా చీర కుచ్చిళ్ల అంచు అందుకుని లోపలి ఫాల్ మీద బొటనవేలు పెట్టింది.

“ఫాల్ ఎవలు కుట్టిండ్రు?”

“నేనే.”

వేలు పోయి పోయి ఆగింది. “ఇప్పు.”

చుట్టూ జనం. ఆటో ఆయన నవ్వుతున్నాడు. కరీంనగర్‌లో సగం మంది ఆడవాళ్ల చీరలకు ఫాల్ కుట్టినదాన్ని నేను! చీర లాక్కున్నాను. ఆమె పట్టించుకోలేదు. “ఒక్క వరుసనే గదనే. ఎప్పుడస్తవ్?” అంది.

“రాను. గుడ్డ ఇచ్చి పంపు.”

“పంప. నా ముందట కూసోని కుట్టాలె. కండ్లు పోతున్నయే నాకు, జెల్ది రా.”

“మా బాపు పోగుల మీద చెయ్యెయ్య. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?” అని ఆటో ఎక్కేశాను. ఆటో కదిలాక ఏదో అన్నట్టుంది. చప్పుడులో వినబడలేదు. అడిగి తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు.

ఆమె పోయిన మూడో రోజు ఊరికి వెళ్లాను. ఆమె అన్న కొడుకు తల గొరిగించుకుని వాకిట్లో కూర్చున్నాడు. మంచివాడే. చాయ్ తెప్పించాడు. నాలుగు మాటలయ్యాక పెట్టె సంగతి అడిగాను.

“అత్త రేకు పెట్టెనా అక్కా? గది తుప్పు పట్టింది. ఇనుప సామానోనికి ఏసినం.”

“అండ్ల గుడ్డలు?”

“పాత గుడ్డలే గదా. సాంచెల కాడ తుడుసుకుంటరని నిన్న పంపిన.”

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేశాను. “ఏమక్కా, ఏమన్న బంగారం ముడేసి పెట్టిందా అండ్ల? గంత పరేషానైతున్నవ్?” అని వెనకనుంచి అడుగుతూనే ఉన్నాడు. రెండు వీధుల అవతల వాళ్ల సాంచెల షెడ్డు. నలభై మూడేళ్ల వయసులో, ఊరంతా చూస్తుండగా, చీర ఎత్తిపట్టి పరుగెత్తాను.

లోపల మాట వినపడని మోత. సాంచె దగ్గర ఒకామె నల్లటి గుడ్డతో నూనె తుడుస్తోంది. ఆ నల్లటి గుడ్డ అంచున గొలుసుకుట్టు కనిపించింది. లాక్కుని చూశాను. బజారు గుడ్డ. నాది కాదు.

“మిగతయి ఏవి?” అని చెవిలో అరిచాను.

“గా రంగుల గుడ్డలా అక్కా? నాలుగు ఖరాబు చేసినం. కుట్లున్నయి గదా, నూనె మంచిగ పట్టయి. కడమయి గాడున్నయి,” అని మూల చూపించింది. నూనె పట్టదట. టీచరమ్మ వినుంటే ఎంత మురిసేదో!

ఏడు గుడ్డలున్నాయి మూలలో. అన్నీ పూర్తికానివే, పూర్తయినవి ఇళ్లకు వెళ్లిపోయాయి కదా. ఒకటి నాలుగో వరుస దగ్గర ఆగిపోయింది, ఒకటి ఆరు దగ్గర. ఎవరికి పెళ్లయిందో, ఎవరి బాపు గోదావరిఖని గనిలోకి పనికి పోతూ ఇల్లంతా తీసుకుపోయాడో, ఎవరు నాలాగా అలిగి పోయారో. పేరు వరుస లేదు కాబట్టి ఏది ఎవరిదో తెలుసుకునే దారి లేదు. టీచరమ్మకు తెలుసు. ఆమెతోనే పోయింది. ఏడింటినీ మూటకట్టాను. ఐదోది నాది. ఒక మూల నూనె మరక పడింది. అంతే, బాపు పోగుల దాకా రాలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని విప్పుకున్నాను. చూపు నేరుగా తొమ్మిదో వరుసకు పోయింది. ఎర్ర టాకా కోసం వెతికాను. లేదు. అది ఉండాల్సిన చోట నీలం టాకా ఉంది. బిగువుగా, చిన్నగా, ఆమె వేసినట్టే. దాని కింద రంధ్రంలో ఎర్ర నూగు ఒకటి ఇంకా చిక్కుకుని ఉంది. బాపు పెట్టిన ఐదు పోగులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఉండనీ.

ఎప్పుడు వేసింది? బాపు పోయాడని నేను వెళ్లిన రోజు, పెట్టె మూత చప్పుడయ్యాక చాలాసేపు ఏ చప్పుడూ లేదన్నానే, అప్పుడా? నాకైతే అప్పుడే అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె చేతిలో ఉన్నది నల్ల పోగు సూది. జాలీకి కావాల్సింది తెల్ల పోగు. నల్లది పేరుకు. నా కళ్లెదుట పట్టుకుని నిలబడింది. కుట్టుపని చేసి బతికేదాన్ని, పోగు రంగు చూసి పని చెప్పగలదాన్ని, నాకు తట్టలేదు! ఆసుపత్రి మెట్ల మీద ‘ఒక్క వరుసనే గదనే’ అంది. బాపు పోగులు పీకాలంటే జాలీ ఒకటి, పేరొకటి, రెండు వరుసల పని. ఒక్క వరుస అంటే పేరు వరుసే. అన్నేళ్లూ ఆమె అడిగింది నా పేరు కుట్టమని. నేను విన్నది మా బాపును పీకేయమని.

నోరు తెరిచి ఆ ముక్క చెప్పొచ్చు కదా! ‘మీ బాపు పోగులు ఉండనీ పిల్లా, పేరు కుట్టుకొని పో’ అంటే ముత్యాలు రాలతాయా? బియ్యం వచ్చాయో లేదో ఊరందరినీ అడిగే నోరు, ఈ ఒక్క మాటకు మూతపడిందా? గుడ్డ చూడమంది, నిజమే. నేను చూడలేదు, అదీ నిజమే. నా మీద నాకు కోపం వస్తే అది తిరిగి ఆమె మీదికే పోతుంది. ఆమె మీద కోపం వస్తే తిరిగి నా మీదికే వస్తుంది. పక్క సీటులో ఆమె, “ఏమైందక్కా, తలనొస్తుందా?” అని నీళ్ల సీసా ఇచ్చింది. బస్సు దిగేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. పక్కకు తిరిగే ఏడ్చాను, గుడ్డ మీద పడకుండా.

ఇంటికొచ్చి మర్నాడు మిషన్ పని పక్కన పెట్టాను. మోచేతి పొడుగు నల్ల పోగు కోసుకున్నాను. సూది పాపట్లో గీసుకున్నాను. పదో వరుసలో నా పేరు మొదలుపెట్టాను. మూడే అక్షరాల పేరు. మధ్యాహ్నానికి అయిపోయింది. ముందువైపు చూస్తే ముచ్చటగానే ఉంది. తిరగేసి, కళ్లు మూసుకుని బొటనవేలు పెట్టాను. రెండో అక్షరం దగ్గర ఆగింది. పోగు వదులుగా ఉంది. విప్పాను. మళ్లీ కుట్టాను, మళ్లీ అక్కడే ఆగింది. నాలుగో రోజుకు మళ్లీ ఒకసారి పూర్తయింది.

అన్నానికొచ్చిన మా ఆయన వెనకనుంచి వంగి చూశాడు. పాపం, వారం రోజులుగా నా చిరాకు భరిస్తున్న మనిషి. ఏదో ఒక మంచిమాట అనాలని అనిపించినట్టుంది.

“మంచిగనే ఉన్నది గదనే. ఉండనీ ఇగ,” అన్నాడు.

“నీకేం తెలుసని ఉండనీ అంటున్నవ్? ఎవలనాల్సిన మాట ఎవలంటున్నరు?” అని ఆయన మీద ఇంతెత్తున లేచాను. ఆయన బిత్తరపోయి, కంచం తీసుకుని తనే అన్నం పెట్టుకోవడానికి వెళ్లిపోయాడు. గుడ్డ తిరగేశాను. కత్తెర మొన రెండో అక్షరం కిందికి పోనిచ్చాను. విప్పడం ఇది మూడోసారి.